గంజి వదిలిన గుడ్డ

క్లైడ్‌బ్యాంక్‌లో వాన ఆగదు, తెరిపిస్తుందంతే.
అలాంటి తెరిపిలో వచ్చాడు మ్యూజియం కుర్రాడు, జలుబుతో.
యజమాని పేరు తెలుసట,
సీసా పగలగొట్టిన దొరసాని పేరూ తెలుసట.
"గీసిందెవరో దొరకలేదండీ" అన్నాడు.

మర్డో గెడిస్. రాసుకో.
ఎడమచేతి వాటం. మణికట్టు మీద ఎప్పుడూ పెన్సిల్ మసి.
రోత్సే వెళ్లే చిన్న స్టీమరెక్కినా
కడుపులో తిప్పేది పాపం.

మేం పద్ధెనిమిది మందిమి ఆడపిల్లలం, పై అంతస్తులో.
ఆయన గీతల మీద గంజిపెట్టిన నారగుడ్డ పరిచి
సిరాతో దిద్దడం మా పని.
కింద గదికి మేం వెళ్లకూడదు,
గీతలే మెట్లెక్కి వచ్చేవి.
ఓడ ముక్కు వంపు ఊపిరి బిగబట్టి లాగాలి,
దగ్గామా, ఓడ వంకర.

ఆ వంపు పదకొండుసార్లు మార్చాడు.
పదకొండోసారి తనే వచ్చి
గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేతిలో నలుపుతూ.
"ఏమనుకోకండి మిస్ ఎఫీ, నీళ్లు ఒప్పుకోవడం లేదు."
దొరలు ఒప్పుకోవడం లేదనలేదు.
నీళ్లు.

దొరలకి కావలసింది మూడో పొగగొట్టం.
రెండు చాలన్నాడు. మూడు లేకపోతే జనం ఎక్కరన్నారు.
"అబద్ధానికి కూడా బరువుంటుందయ్యా,
అంత ఎత్తున పెడితే ఓడ ఒరుగుతుంది" అన్నాడట.
పెట్టారు. డొల్లగొట్టం.
అందులో మొదటి తరగతివాళ్ల కుక్కల్ని కట్టేవారు.

మర్నాటికి ఆయన బల్ల ఖాళీ.
నా బల్ల మీదికి నలభై రెండు నారగుడ్డలొచ్చాయి,
కుడివైపు మూల పేరు గీకెయ్యమని.
బ్లేడుతో, గుడ్డ చిరక్కుండా.
నా చెయ్యి తేలికని అందరూ మెచ్చుకునేవారు.

ఇది కూడా రాసుకో.

నీళ్లలోకి జారినరోజు మేమంతా చప్పట్లు కొట్టాం.
ఆయన అవతలి ఒడ్డున టర్నిప్ చేలో
గడియారం పట్టుకుని నిలబడ్డాడని
పడవవాడు చెప్పాడు. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు.
ఓడని ఇన్వర్‌కీథింగ్‌లో కోసి కరిగించారు,
సగం బ్లేడులైపోయిందని మావాళ్లంటారు.

యార్డు మూసేటప్పుడు గుడ్డలు బయట పారేస్తే
ఇంటికి తెచ్చి ఉడకబెట్టాను.
గంజి వదిలింది, సిరా వదిలింది,
పట్టులాంటి నార మిగిలింది.
చెల్లెలి కొడుక్కి నామకరణం గౌను,
ఆరు జేబురుమాళ్లు.

ఇదిగో, ఈ ఒక్కదాంట్లో
దీపానికి అడ్డం పెడితే
పదకొండో వంపు కనిపిస్తుంది.
నీకు కనపడదా? పోనీలే.
అద్దాల పెట్టెలోకి మాత్రం ఇవ్వను నాయనా.
ముందు ముక్కు తుడుచుకో.