చిటికెన వేలి వెడల్పు

పద్దెనిమిది నీలి గుడ్లు పెట్టాను పొదిగే పెట్టెలో.
చిలోయె దీవి కోళ్లు ఆకాశం రంగు గుడ్లు పెట్టడం
మాకేం వింత కాదు.
పదహారో రాత్రి గాలివాన. కరెంటు పోయింది.
పెట్టెను కట్టెల పొయ్యి పక్కకి లాగి
ఉన్ని కంబళి కప్పి
తెల్లారేదాకా అరచేత్తోనే వేడి చూశాను.

ఇరవై ఒకటో రోజు తొమ్మిది బయటికొచ్చాయి.
ఇరవై మూడో రోజు,
ఇక పారేద్దామని చేతిలోకి తీసుకున్న గుడ్డు
లోపల్నుంచి టిక్కుమంది.

ఆ పదోది నిలబడలేదు.
కాళ్లు చెరో పక్కకీ జారిపోయి
పొట్ట నేలకానించి
తెడ్లు వదిలేసిన పడవలా
ఉన్నచోటే తిరుగుతోంది.

మా నాన్నయితే బకెట్ తెమ్మనేవాడు.
ఏళ్ల తరబడి తెచ్చాను ఆ బకెట్, నోరెత్తకుండా.
ఈసారి ఎందుకు తేలేదంటే
తెమ్మనేవాళ్లు లేరు, అంతే కావచ్చు.

ఎదువీనాకి కబురు పెట్టాను.
దీవి దీవికీ తిరిగే ఆసుపత్రి పడవలో
నర్సుగా చేసి దిగిపోయిన మనిషి.
వస్తూనే నన్ను తిట్టింది:
"పేపరు పరుస్తారా ఎవరైనా? జారదూ?
నిన్ను సబ్బు రాసిన డెక్కు మీద కని ఉంటే
నువ్వూ ఇలాగే ఉండేవాడివి రొసామెల్."
పేపరు తీసేసి పాత తువ్వాలు పరిచాను.

గాయాలకి వేసే ప్లాస్టర్ తెమ్మంది.
గడ్డిపరకంత సన్నగా, నిలువునా చీల్చమంది.
ముప్పై అడుగుల దూలాన్ని
వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిన చేతులివి.
ఆ పీలిక దగ్గర వణికాయి.
మూడు పాడుచేశాను.
నాలుగోది తనే లాక్కుని
ఒక కాలికి చుట్టి, మధ్యన వంతెన వదిలి,
రెండో కాలికి చుట్టింది.

"ఎంత దూరం ఉండాలి?"
కొలబద్ద కోసం జేబు తడుముకున్నాను.
"నీ చిటికెన వేలు పెట్టు. పట్టాలి, అంతే."
పెట్టాను.
వేలికి పైన ఆ గుండె.
లెక్కపెట్టబోయి మొదట్లోనే తప్పాను.

నేను మాతే తాగే సొరబుర్రలో ఉన్ని కుక్కి
కాళ్లు పొట్ట కిందికొచ్చేలా కూచోబెట్టింది.
నీళ్లు సీసా మూతలోనే పెట్టమంది,
అంతకంటే లోతైతే మునిగిపోతుందట.
ఉడికించిన పచ్చసొన చిదిమి పెట్టమంది.
"కోడిపిల్లకి గుడ్డా?"
"మొన్నటిదాకా లోపల అది తిన్నదేంటి మరి?"

పోతూ పోతూ ఇంకో రెంటిని పట్టుకుంది.
ఒకదానికి వేళ్లు పిడికిలిలా ముడుచుకున్నాయి.
అగ్గిపెట్టె అట్టతో చెప్పు కోసి
వేళ్లు ఒక్కొక్కటే విప్పి అతికించింది.
నడుస్తుంటే టపటపమని చప్పుడు,
అచావో రేవులో బూట్లేసుకుని తిరిగే కస్టమ్స్ అధికారిలా.

రెండోదానికి మడమ దగ్గర నరం పక్కకి జారింది.
బొటనవేలితో వెనక్కి నెట్టింది, నిలిచింది, జారింది.
మళ్లీ నెట్టింది.
మూడోసారి నా వంక చూసింది.
బకెట్ మాట ఇద్దరం ఎత్తలేదు.
ఆ రాత్రి అది నా చొక్కా లోపలే ఉంది.
ఏ వేళప్పుడు చల్లబడిందో తెలీదు,
వాన మాత్రం పడుతూనే ఉంది.

పదోది మొదటి రోజంతా ముక్కు మీద పడింది.
రెండో రోజు వెనక్కి పడింది.
దాన్ని మెరుగంటారో ఏమంటారో.
నాలుగో రోజు వంటనూనె తడిపి
ప్లాస్టర్ మెల్లగా వదిలించాను.
నిలబడింది.
ఏదో మరిచిపోయినట్టు కాసేపు ఆగింది.
రెండడుగులేసి పడింది, లేచింది,
పోయి తక్కినవాటి తొక్కిసలాటలో దూరింది.
నా వైపు చూసిందని చెప్పను. చూడలేదు.

ఇవాళ కొత్త పడవకి పక్క పలకలు బిగిస్తుంటే
మోచేతి దగ్గర చొక్కాకి ఏదో అంటుకుని ఉంది.
ఆ పీలికే. తెగిన రెండు సున్నాలు, మధ్యన వంతెన,
నూనె జిడ్డు, కాస్త పసుపు నూగు.
పారేయబోయాను.
తర్వాత పలకల సందులో
చెట్టుబెరడు పీచుతో పాటు దాన్నీ కూరి
ఉలితో గట్టిగా కొట్టాను.

ఎదువీనాకి చెప్పను, నవ్వుతుంది.
పడవకి డబ్బిచ్చినాయనకి అసలే చెప్పను.