ఎండు పద్దు

ఏటుకూరు రోడ్డులో
పోలిశెట్టి సుబ్బారాయుడి గారి బీరు గోడౌన్‌కి
నేను పద్దులు రాసేవాణ్ణి.
బల్ల వెనక గోడకి ఒక పటం:
గడ్డకట్టిన ఏటి మీద నిలబడి
రంపాలతో మంచు కోస్తున్న మీసాల మనుషులు.
మే నెల్లో, రేకుల కింద,
గుంటూరు గుంటూరంతా పెనమైనప్పుడు
ఆ పటం వంక చూస్తే
మెడ మీది చెమట కాసేపు ఆలోచనలో పడేది.

బొంబాయి ఏజెంటు ఇచ్చిపోయాడు దాన్ని,
దాంతో పాటు ఒక నున్నటి పుస్తకం:
అమెరికాలో క్రాట్‌మన్ బ్రూవరీ, దాని నూరేళ్ల కథ.
బీరు రేపో మాపో దిగుతుందన్నాడు.
దిగలేదు. చరిత్రే ముందొచ్చింది.
పని లేని మధ్యాహ్నాలు
డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

ఓటో క్రాట్‌మన్, పీపాలు బిగించేవాడి మూడో కొడుకు.
ఓడలో నలభై రోజులు
ఈస్టు జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట,
కొత్త కాపురానికి మా అమ్మ
తోడు చుక్క గిన్నెతో వచ్చినట్టు.
కొండ కింద గుహ తవ్వాడు, ఏటి మంచు నింపాడు.
కొడుకులు రైలు పెట్టెల్లో మంచు పేర్చి
బీరుని సముద్రం దాకా తోలారు.
యుద్ధమొచ్చి జర్మను పేరు చేదైతే
రాత్రికి రాత్రి బోర్డు మీద సున్నం కొట్టారు.
ఆపైన దేశమంతా మందు బందు.
పదమూడేళ్లు.
వాటికి పుస్తకంలో ఒక్కటే పేజీ:
"ఐస్‌క్రీం అమ్మాం, ఈస్టు అమ్మాం, బతికాం."
నవ్వుకుని మూసేశాను.

తొంభై అయిదు జనవరిలో మా వంతు.
మిగిలిన సరుకుని ఎక్సైజు వాళ్లు
రోడ్డు రోలరుతో తొక్కించారు.
నురగ సైడుకాలవలో పడి పోతుంటే
సుబ్బారాయుడు గారు అటు తిరిగి
కళ్లజోడు తుడుచుకున్నారు, తుడుచుకున్నారు.
రోడ్డవతల ఆడవాళ్లు
చప్పట్లు కూడా కొట్టలేదు.
ఆఖరి సీసా దాకా లెక్కపెట్టి వెళ్లారు.

"ఐస్‌క్రీం పెడదామాండీ" అన్నాను.
"గుంటూర్లో పుట్టి ఐస్‌క్రీమేంట్రా!"
నెల తిరక్కుండా మిరప బస్తాలు దిగాయి.

ముచ్చికలు తీసేవాళ్లలో ఎలీసమ్మ ఒకతె.
బీరు పెట్టెలు పేర్చిన చోటే గోనె పరుచుకునేది.
మొగుణ్ణి సారా తినేసింది, ముప్ఫై ఏళ్లకే.
"ఆ చలిలో మీసాలోళ్లెవరయ్యా?" అందొకరోజు.
చెప్పాను. జాడీ, గుహ, రైలు, సున్నం,
నా తాతముత్తాతల సంగతైనట్టు చెప్పాను.
చేతులాగకుండా అంతా విని
"ఓటో పెళ్లాం పేరేంటి?" అంది.

వెతికాను. అరవై రెండు ఫోటోలు.
గుర్రాలకి పేర్లున్నాయి.
ఒక చోట మాత్రం "ఆయన భార్య".
"నాకు తాగేవోడు దొరికాడు,
ఆమెకి తాగించేవోడు.
నిద్ర పట్టేదంటావా ఆయమ్మకి?"
గుప్పెడు కాయలు నా వైపు నుంచి
తన వైపుకి లాక్కుంది.

తొంభై ఏడులో గేట్లు మళ్లీ తెరిచారు.
మిరప పోయింది, బీరొచ్చింది.
కడిగినా గోడల ఘాటు వదల్లేదు.
మొదటి లోడు కొన్న బార్లన్నిట్లో
జనం సీసా ఎత్తుతూ తుమ్మారట.
కూలి లెక్క తేల్చుకుని పోతూ ఎలీసమ్మ
పటం ముందు ఒక్క క్షణం ఆగింది:
"ఈ మంచు కోసేవోళ్లకి రోజుకెంతిచ్చారో
అదన్నా రాశారా?"

క్రాట్‌మన్ బీరు చివరికి వచ్చింది,
నేను రిటైరయ్యే ఏడు.
వెనక చిన్నక్షరాల్లో సంగారెడ్డి జిల్లా.
అప్పటికే కంపెనీని ఎవరో కొన్నారు,
వాళ్లని ఇంకెవరో కొన్నారు.
గుహలో ఇప్పుడు కార్లు పెడుతున్నారట.
ఒక సీసా కొన్నాను, తాగలేదు, మనవడు మనీప్లాంటు పెట్టాడు.

నా దగ్గరున్నది ఆ రెండేళ్ల పద్దు పుస్తకం.
రూపాయిలు, కిలోలు, కూలి పేర్లు,
ఎలీసమ్మ వేలిముద్రలు,
సిరా నీలం మీద మిరప ఎరుపు.
పేజీ తిప్పితే ఇప్పటికీ
తుమ్మొస్తుంది.