ఐదో గేరు

ములుగు రోడ్డు ఆటోనగర్ల
మొగిలి షెడ్డు ముంగట
నా తొంభై ఆరు మోడల్ మారుతి
ఇటుకల మీద కూసున్నది.

పరకాల కాడ పల్టీ కొట్టిన ఆల్టోది
ఐదు గేర్ల పెట్టె
కడుపుకు అదుముకొని తెచ్చిండు,
బాలింతకు బిడ్డనందిచ్చినట్టు.

బోల్టులు కలిసినయ్.
లింకు రాడ్డే బెత్తెడు పొట్టి.
కోసి, అతికి, నీలిమంటకు కన్ను చికిలించి
"గిప్పుడు సుట్టాలైన్రు తీ" అన్నడు.

పొద్దుగూకినంక హసన్‌పర్తి దాటినం.
నాలుగుల ఇంజను ఎప్పటిలెక్కనే మొత్తుకుంటాంది.
ఆడికే ఆగే అలవాటు నా చెయ్యిది.
మొగిలి దాని మీద చెయ్యేసి
కుడిదిక్కు, ఇంకింత పైకి నూకిండు.

ఇరవై ఎనిమిదేండ్ల లొల్లి
ఒక్కపారి సల్లవడ్డది.
డోరు రేకు గలగల
అప్పుడు ఇనవడ్డది నాకు.

"దానికి వేరే పైసలు,"
కిటికీలకెల్లి సూసుకుంట అన్నడు మొగిలి.