పాలపన్ను

కలిస్టో మంచు కింద ఏడో డ్రిల్లు.
బరువులేని గదిలో నలభై మంది పిల్లలు,
ఈటెమొన వ్యూహం.
మొనలో నొమిన్, పన్నెండేళ్ల కమాండర్.

"కుడికి!" అంది.
తెములెన్ నోట్లోంచి పన్నొకటి ఊడి
ఎడమకి పోయింది,
వెనకే ఎర్రపూసలా ఓ నెత్తుటి చుక్క.

అంతే. ఈటె విరిగింది.
ఎనభై చేతులు ఆ పన్ను వెంట.
స్టాప్‌వాచ్ నా గుప్పిట్లో. ఆపలేదు నేను.

వాళ్ల గోబీలో అయితే
కొవ్వులో చుట్టి కుక్కకి పెడతారట.
ఇక్కడ కుక్కేదీ?
నొమిన్ దాన్ని ఖాళీ తూటా తొడుగులో దాచి
లాగ్‌లో రాసింది:
"నష్టం: ఒకటి. దొరికింది."

సున్నా వేశాను.

రాత్రి పహరాలో చూశాను,
యుద్ధపటం ముందు ఒక్కతే కూర్చుని
నాలుకతో
తన చివరి పాలదవడను
కదిపి చూసుకుంటోంది,
ఎవరికీ చెప్పకుండా.