వృత్తి అనే గడి

నామినేషన్ రోజు కలెక్టరాఫీసు వరండాలో
వృత్తి అనే గడి దగ్గర నా పెన్ను ఆగింది.
"సంఘసేవ అని రాయనా, దానయ్యమ్మ గారూ?"
"సేపలమ్ముతాను. అదే రాయి.
ఏ సేపలో కూడా రాయమంటే సెప్తాను."

కింద ఆమె సంతకం –
నెల రోజులు నా టైపు మిషన్ పక్కన కూచుని
నేర్చుకున్న ఎనిమిది అక్షరాలు,
గరికిన దానయ్యమ్మ.

జాలారిపేట నుంచి ఢిల్లీకి అంతకు ముందు
ఎండు నెత్తళ్ళు వెళ్ళాయేమో గాని
ఆడమనిషి వెళ్ళలేదు.
వాల్తేరు స్టేషన్లో ఎవరో అన్నారు,
"నీకంటే ముందు నీచు వాసన దిగుద్ది అక్కడ."
"మంచిదే. ఎవరొచ్చారో సెప్పక్కర్లేదు."

సభలో మైకు మగాళ్ళ ఎత్తుకి బిగించి ఉంది.
ఆమె దానికేసి చూడలేదు.
తెల్లారగట్ల నాలుగింటికి హార్బర్లో
బోట్ల ఇంజన్ల రొద మీంచి
వంజరం వేలం పాడిన గొంతు అది.
"గొంతు తగ్గించండి" అన్నారు పైనుంచి.
"తగ్గిస్తే ధర తగ్గుద్ది బాబూ."
ఆ మాట రికార్డులో లేదు.
అక్కడ 'అంతరాయం' అని ఉంది.

ఇంగ్లీషు చేసేది నేను.
"మా పేట ఆడోళ్ళు సీకటి పడేదాకా
కడుపు బిగబట్టుకుని కూకుంటారు" అంటే
పారిశుద్ధ్య సదుపాయాల కొరత అని కొట్టాను.
అర్థం చెప్పించుకుని చాలాసేపు మాట్లాడలేదు.
"పొలుసు తీసేసి, తల తీసేసి, కడిగి ఇచ్చేవు.
ఇప్పుడది ఏ సేపో ఆళ్ళకెలా తెలుస్తాది?"
ముప్పై ఏళ్ళయింది.
ఇప్పటికీ ఏ వాక్యం కొట్టినా
ఒక పొలుసైనా ఉంచుతాను.

గాలివానకి పొరుగు దేశం నీళ్ళల్లోకి కొట్టుకుపోయి
జైల్లో పడ్డ పదకొండు మంది కోసం నలభై ఉత్తరాలు.
"పదకొండు మంది అని కొట్టకు. పేర్లు కొట్టు."
ప్రతి ఉత్తరంలో, ప్రతి పేరూ.
తొమ్మిది మంది వచ్చారు.
మిగతా ఇద్దరి పేర్లు
తర్వాత రోడ్డు కోసం రాసిన అర్జీలో కూడా
చివర కొట్టించింది.

రెండోసారి పదహారు వందల ఓట్లతో ఓడిపోయింది.
మర్నాడు హార్బర్లో బుట్ట ముందుంది,
చుట్టూ కొనేవాళ్ళ కంటే చూసేవాళ్ళు ఎక్కువ.
"సూస్తే డబ్బుల్లేవు, కొంటేనే" అని కేకలేసింది.

పెన్షన్ కాగితం మీద ఒక మాట దగ్గర వేలు పెట్టింది.
"మాజీ అంటే ఏటి?"
"ఇదివరకు ఉండి, ఇప్పుడు..."
"ఇప్పుడు నాను లేనా?"
నా పెన్ను లాక్కుని కొట్టేసింది.

ఆఫీసు నుంచి రెండుసార్లు వెనక్కొచ్చింది కాగితం.
మూడోసారి నేనే
మాజీ అని టైపు చేసి పంపేశాను.
నెల నెలా డబ్బులొస్తున్నాయి.
మీరు చేపలకి వెళ్తే
ఈ ఒక్కటీ ఆమెకి చెప్పకండి.