స్విచ్చు మీద తువ్వాల

మొదటి సాయంత్రం పదకొండు మంది వచ్చిండ్రు.
వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్డు, బయట ముసురు,
కాజీపేట దిక్కు నుంచి గూడ్సుబండి కూత.
నడుమ మా కారు.
తలుపుల్లేవు, పేరు పెట్టలే,
నాలుగు చక్రాల మీద ఒక ఇనుప మంచం లెక్క.

"ఉంగరాలు తీయుండ్రి. కడియాలు తీయుండ్రి.
మొలతాడుకు తాళంచెవులుంటే అవి గూడ."
మా సీనియర్ నాకు చెప్పిన మాటలే,
ఆయన గొంతుతోనే చెప్పిన.
నవ్వెటోళ్లు నవ్విండ్రు.
జనగామ కొమురెల్లి వేలికి రాగి ఉంగరం ఇరికింది,
సబ్బు తెచ్చినం.

తర్వాత మీటర్ పట్టుడు.
"ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలె,
కరెంటుకు మన గుండె మీదికెల్లి బాట వెయ్యొద్దు."
నిమిషంల అందరు మరిచిండ్రు,
ఒక్క పిల్ల తప్ప.
వినికిడి మంచిదనుకున్న.

ముబీనా వేసిన మొదటి అతుకు
చల్లారిన బెల్లంపాకం లెక్క గడ్డకట్టింది.
పీకి మళ్లా వెయ్యమన్న.
ఏడోసారి మెరిసింది.
చింతగింజల సగం గూడ లేదు గని
మండిబజార్ మొత్తం తిప్పి చూపెట్టాలన్నంత
మురిపెం ఆమె మొకంల.

ఒక సంగతి వాళ్లకు చెప్పలే.
మొదటేడు ప్లస్సు మైనస్సు తారుమారు చేసి
ముప్పైరెండు వేల కంట్రోలర్‌ను
ఒక్క టప్పుకు పొగ చేసిన.
ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి ఘాటన్న
ఇంటికి పోయి తానం చేస్తే పోతది,
ఆ వాసన ఎండకాలం దాకా ముక్కుల్నే ఉన్నది.
చెప్తే వాళ్ల భయం పోతదో, నా మర్యాద పోతదో
తేల్చుకోలేక
చాయ్ తాగొద్దాం పాండ్రి అన్న.

వచ్చినంక బ్యాటరీ పెట్టె.
మెయిన్ స్విచ్చు నేనే బంద్ చేసిన.
"ఇగ చేతులు పెట్టుండ్రి" అన్న.
పదిమంది వంగిండ్రు.
ఏటూరునాగారం నుంచి వచ్చిన ఈసం సునంద వంగలే,
పొద్దుగాల్నుంచి పెదవి విప్పని పిల్ల.

"అన్నా, స్విచ్చు కాడ ఎవరున్నరు?"

"ఎవరుంటరు? బందే ఉన్నది గదా."

స్విచ్చు దిక్కే చూసుకుంట చెప్పింది.
మా చిన్నాయన కరెంటు హెల్పరు.
స్తంభమెక్కే ముందు ఏబీ స్విచ్చు దించి
హ్యాండిల్‌కు తన తువ్వాల కట్టెటోడు.
ఎర్రగళ్ల తువ్వాల, ఊరందరికీ ఎరుకే,
తువ్వాల ఉన్నదంటే మనిషి పైన ఉన్నడని.
ఒకనాడు పొలం ఎండుతున్నదని ఒకాయన వచ్చి
తువ్వాల విప్పి
మంచిగ మడతపెట్టి
గట్టు మీద పెట్టి మరీ
స్విచ్చు ఎత్తిండు.

రేకుల మీద వాన కొద్దిసేపు ఒక్కతే మాట్లాడింది.

"ఉన్నడన్నా, పానంతోనే ఉన్నడు. ఎడమ చెయ్యి లేదు.
ఇప్పుడు మోటర్ స్టార్టర్లు బాగుచేస్తడు.
నాకు పని నేర్పింది ఆయనే."

మీటర్ పట్టినప్పుడు
ఆమె రెండో చెయ్యి వెనకకు ఎందుకు పోయిందో
అప్పుడు ఎరుకైంది నాకు.

మెడలకెల్లి ఐడీ కార్డు తీసింది,
తాడుతో స్విచ్చుకు రెండు చుట్లు కట్టింది,
అప్పుడు వంగింది పెట్టె మీదికి.
"ఎవరిది వాళ్లే విప్పాలె, నేను చెప్తే గూడ విప్పొద్దు"
అన్నది, సీనియర్ లెక్క.
నిన్నగాక మొన్న దిగిన ఫొటోలు
బెదురుచూపులతో ఒకదాని పక్కన ఒకటి ఊగినయి.

నా కార్డు హాస్టల్‌ల ఉండె.
జేబుల దస్తీ తీసి కట్టిన.
కట్టుకుంటనే, వాళ్ల దిక్కు మొకం పెట్టకుండ,
ముప్పైరెండు వేల సంగతి మొదలుపెట్టిన.

తొమ్మిదిన్నరకు ఎవరి మొకం వాళ్లు విప్పుకొని
మెడల వేసుకొని పోయిండ్రు.
తాళం వేస్తుంటే చూసిన,
సబ్బు డబ్బల కొమురెల్లి రాగి ఉంగరం.
రేపు అడుగుతడు. లేదంటే
ఎల్లుండి.