మూడోసారి పోసిన ర్యాంపు

బోలక్‌పూర్‌లో తోళ్ల గోదాం ఒకటి ఖాళీ అయితే
దానికి సున్నమేసి బడి చేసినం.
వానపడ్డ రోజు గోడలు ఇప్పటికీ
పచ్చితోలు వాసనేస్తయి.

వాకిట్ల మూడు మెట్లు.
'అందరి బడి' అని బోర్డు ఎక్కించినంక
మెట్లు యాదికొచ్చినయి మాకు.

మొదటి ర్యాంపు కాగితం మీది కొలతలతోనే పోసినం.
సాబేరా చక్రాల కుర్చీ సగందాకా ఎక్కి
వెనక్కి జారింది, టిఫిన్ డబ్బాతో సహా.
పిల్ల ఏడ్వలేదు.
మేస్త్రీ ఎల్లమందను కేకేసి
"చాచా, జర నువ్వు కూసొని ఎక్కు" అన్నది.
కూసున్నడు. చెమటలు గక్కిండు. ఎక్కలేకపోయిండు.
తెల్లారి గడ్డపార ఆయనే తెచ్చుకున్నడు.

రెండోది పొడుగ్గ, అద్దంలెక్క నున్నగ వచ్చింది.
ఫోటోలు కూడ దిగినం.
చూపులేని ఇమాన్యుయేల్ దాని మీద నిలబడి
"అంచు ఏడుంది టీచర్?" అన్నడు.
నాకు కనబడుతనే ఉన్నది.
ఆ సంగతి వానికేం అక్కర?

ఇగ మూడోది.
సిమెంటు పచ్చిగ ఉండంగనే పిల్లలు
అంచుల పొంట గులకరాళ్లు గుచ్చిండ్రు,
పగిలిన చాయ్ కప్పుల పెంకులు గుచ్చిండ్రు.
పెంకుల్ని ఎల్లమంద తిట్టుకుంట ఏరి పారేసిండు.

అప్పుడొచ్చిండు పోశెట్టి.
మాట్లాడడు. ఎవరి మొఖం దిక్కూ చూడడు.
చేతిల ఎప్పుడూ సైకిల్ చైను ముక్క,
తిప్పుతనే ఉంటడు, అన్నం తినంగ కూడ.
నాలుగు నెలల సంది దాన్ని గుంజుకోజూస్తున్న.
రిజిస్టర్ల రాసిన కూడ: "చైను, చదువుకు అడ్డం."

వాడు మోకాళ్ల మీద కూసొని
ర్యాంపు ముగిసేకాడ
చైను అడ్డంగ పరిచి
ఒక్కొక్క లంకెను బొటనవేలితో ఒత్తిండు.
ఖాళీ చేతులు లాగుకు తుడుచుకొని
లోపలికి పోయిండు.

ఇప్పుడు పొద్దున్నే వచ్చి దాన్నొకసారి తడుముతడు.
వాని హాజరు అక్కన్నే వేసుకుంట.

నెలాఖరుకు పైనుంచి కాగితమొచ్చింది:
"ప్రయోగ ఫలితం, ఒక్క వాక్యంలో."
ర్యాంపు మూడుసార్లు పోసినం, అని రాసిన.
ఇంకోటి రాద్దామంటే డబ్బాల జాగ లేదు.

పొద్దుగూకి అందరు పోయినంక
చెప్పులిప్పి, కండ్లు మూసుకొని దిగిన.
ముషీరాబాద్ దిక్కు ఒకటే ఆటోల హారన్లు.
ఏడ ఆగాల్నో
అరికాలికి తెలిసింది.